పట్టేసిన భుజాన్ని ఒక్క గుంజు గుంజితే సరిపోతుందా? మా అమ్మ చెయ్యి నేర్పిన మాన్యువల్ థెరపీ పాఠం

వీడియో చూసే తీరిక లేనివాళ్ళ కోసం, నెట్ ప్యాక్ అయిపోయినవాళ్ళ కోసం ఎప్పటిలాగే ఈ ఎపిసోడ్‌లో మాట్లాడిందంతా ఇక్కడ రాసి పెడుతున్నాం.

ఈరోజు టాపిక్ ఫోన్లు కాదు, యాప్‌లు కాదు. మా అమ్మ కుడి భుజం. నవ్వకండి, చివరిదాకా చదవండి. మీ ఇంట్లో కూడా ఇట్లాంటి భుజం ఒకటి ఉండొచ్చు.

మాది ఆళ్ళగడ్డ. నేను బీటెక్ చేసి, కొన్నేళ్ళు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి, ఇప్పుడు నంద్యాలలో రూమ్ తీసుకుని ఈ వీడియోలు చేస్తున్నా. అమ్మకు యాభై దాటాయి. షుగర్ ఉంది. ఒక ఆదివారం ఇంటికి పోతే అమ్మ బట్టలు ఆరేస్తా ఉంది. తీగ మీదికి ఎడమ చెయ్యే పోతోంది, కుడి చెయ్యి నడుం దగ్గరే ఉంది. "ఏమైందమ్మా?" అంటే, "ఏం లేదు నాయనా, కొంచెం పట్టేసింది, పోతాదిలే" అనింది. అప్పటికే మూడు నెలలు. జడ వేసుకోలేకపోతోంది. కొంగు వెనక నుంచి తిప్పి దోపుకోలేకపోతోంది. రాత్రి కుడివైపు ఒత్తిగిలితే నొప్పికి మెలకువ వచ్చేస్తోంది. ఇవన్నీ పక్కింటి అక్కకు తెలుసు, నాకు తెలియదు.

నేను చేసిన తప్పు

నేనేం చేశాను? అందరం చేసేదే చేశాను. ఫోన్ తీశాను, వెతికాను. ఎవరో ఒకాయన మనిషిని పడుకోబెట్టి టక్కుమని చెయ్యి లాగుతాడు, ఆ మనిషి లేచి నవ్వుతాడు, కింద లక్షల్లో వ్యూస్. అట్లాంటి వైద్యమే చేసే ఒకతను పక్క ఊర్లో ఉన్నాడని తెలిసింది. "ఒక్క సిట్టింగ్‌లో సెట్" అన్నాడు. అమ్మను బండి మీద ఎక్కించుకుని తీసుకుపోయింది నేనే.

అతను ఏమీ అడగలేదు. షుగర్ ఉందా అని కూడా అడగలేదు. చెయ్యి పట్టుకుని ఒక్కసారిగా పైకి గుంజాడు. అమ్మ అరిచిన అరుపు నాకు ఇప్పటికీ గుర్తుంది. "పట్టు విడిచింది, రెండు రోజులు నొప్పి ఉంటుంది" అన్నాడు. రెండు రోజులు కాదు, రెండు వారాలు అమ్మకు నిద్ర లేదు. ముందు నడుం దాటి కొంచెమైనా లేచే చెయ్యి ఆ తర్వాత అది కూడా లేవలేదు.

వీడియోలు చేసి బతికేవాణ్ణి, నేనే ఒక వీడియో చూసి మోసపోయాను. అందుకే ఈ ఎపిసోడ్.

భుజం లోపల అసలు ఏముంది?

తర్వాత నంద్యాలలో ఒక ఫిజియోథెరపిస్టు మేడమ్ దగ్గరికి పోయాం. ఆమె పావుగంట సేపు అమ్మ చేతిని తాకనే లేదు, ప్రశ్నలే అడిగింది. ఎప్పుడు మొదలైంది, కింద పడ్డారా, రాత్రి నొప్పి ఎట్లుంటుంది, షుగర్ ఎంత, థైరాయిడ్ ఉందా, జ్వరం వచ్చిందా, బరువు తగ్గారా. ఆ తర్వాతే చెయ్యి పట్టుకుంది.

మొదట అమ్మనే లేపమంది. లేవలేదు. తర్వాత "మీరు వదులుగా వదిలేయండమ్మా, నేను లేపుతా" అని ఆమె నెమ్మదిగా లేపింది. అప్పుడు కూడా అక్కడే ఆగిపోయింది. ఇది చాలా పెద్ద క్లూ. భుజంలో కండర తాడు తెగి ఉంటే సాధారణంగా మనంతట మనం లేపలేకపోయినా, ఇంకొకరు లేపితే చెయ్యి చాలావరకు లేస్తుంది. ఎవరు లేపినా లేవకపోతే కీలే బిగుసుకుందని అనుమానించాలి. ఇంకో పరీక్ష: మోచెయ్యి పక్కకు ఆనించి, ముంజేతిని తలుపు తీసినట్టు బయటికి తిప్పడం. మామూలుగా 60 డిగ్రీల దాకా పోవాల్సింది అమ్మకు 10 దగ్గరే ఆగింది. ఆమె దాన్ని కోణమానిని లాంటి ప్లాస్టిక్ స్కేలుతో కొలిచి కాగితం మీద రాసుకుంది. ఆ స్కేలు పేరు గోనియోమీటర్.

మేడమ్ చెప్పిన పేరు ఫ్రోజెన్ షోల్డర్. ఎక్స్‌రే తీయిస్తే ఎముకలు మామూలుగానే ఉన్నాయి. ఈ జబ్బులో అట్లనే ఉంటుంది. ఎక్స్‌రే తీసేది వేరే జబ్బు ఏదీ లేదని నిర్ధారించుకోవడానికి.

చిన్నప్పుడు స్కూల్లో నిమ్మకాయ చెంచా ఆట ఆడాం కదా? భుజం కీలు అదే. చేతి ఎముక పైభాగం నిమ్మకాయ, భుజం పలక మీద ఉండే సాకెట్ చెంచా. చెంచా లోతు తక్కువ. అందుకే శరీరంలో ఏ కీలూ తిరగనన్ని దిక్కులకు భుజం తిరుగుతుంది. మరి నిమ్మకాయ పడిపోకుండా ఏది పట్టుకుంటుంది? చుట్టూ ఒక సంచి ఉంటుంది, దాన్ని క్యాప్సూల్ అంటారు. ఆరోగ్యంగా ఉన్నప్పుడు చంక కింద ఆ సంచికి మడతలు ఉంటాయి. చెయ్యి పైకెత్తితే మడతలు విప్పుకుంటాయి. ఫ్రోజెన్ షోల్డర్‌లో ఆ సంచి వాచి, మందమై, కుంచించుకుపోతుంది. చంక దగ్గర బిగుతుగా కుట్టిన చొక్కా వేసుకుని చెయ్యి ఎత్తి చూడండి, అర్థమవుతుంది. ఇక్కడ చొక్కా లోపలే ఉంది, విప్పడానికి లేదు.

"ఫ్రోజెన్ షోల్డర్" అనే పేరు 1934లో కాడ్మన్ అనే అమెరికా సర్జన్ పెట్టింది. మామూలు జనంలో నూటికి ఇద్దరి నుంచి ఐదుగురికి వస్తుందని, షుగర్ ఉన్నవాళ్ళలో పది నుంచి ఇరవై మందికి వస్తుందని వైద్య పుస్తకాలు చెప్తాయి. నలభై, అరవై ఏళ్ళ మధ్య ఎక్కువ. ఆడవాళ్ళలో ఇంకొంచెం ఎక్కువ. ఒక్కసారి మీ ఇంట్లో వాళ్ళను తలుచుకోండి. యాభై దాటిన అమ్మ, షుగర్ ఉంది. అందుకే మీ ఇంట్లో కూడా ఉండొచ్చు అన్నాను.

ఇది మూడు దశల్లో నడుస్తుంది. మొదటిది నొప్పి దశ, నొప్పి పెరుగుతూ చెయ్యి తగ్గుతూ పోతుంది. రెండోది బిగుసుకున్న దశ, నొప్పి కొంచెం తగ్గుతుంది కానీ చెయ్యి కదలదు. మూడోది విడిచే దశ. మొత్తం కలిపి ఒకటి నుంచి మూడేళ్ళు పట్టొచ్చు. అమ్మ మొదటి దశలో ఉంది. అంటే సంచి వాచి మండుతున్న టైంలో నేను తీసుకుపోయి దాన్ని గుంజించాను.

చేత్తో చేసే వైద్యం అంటే ఏం చేస్తారు?

మాన్యువల్ థెరపీ అంటే మాలిష్ ఒక్కటే కాదు. కండరాలను నొక్కి వదులు చేయడం ఒక భాగం. కీలునే మెల్లగా కదిలించడం రెండో భాగం, దీన్ని జాయింట్ మొబిలైజేషన్ అంటారు. ఈ రెండో భాగం గురించి మనకు తెలిసింది చాలా తక్కువ.

మనం చెయ్యి ఎత్తేటప్పుడు చెంచాలో నిమ్మకాయ దొర్లుతుంది. దొర్లడమే కాదు, అదే సమయంలో కొంచెం కిందికి జారుతుంది కూడా. జారకపోతే పైన ఉన్న ఎముకకు తగులుకుంటుంది. సంచి బిగుసుకుంటే ఈ జారడం ఆగిపోతుంది. థెరపిస్టు చేసేది ఆ జారడాన్ని తన చేత్తో తిరిగి తెప్పించడం. చూసేవాళ్ళకు అసలేమీ చేస్తున్నట్టే ఉండదు. కొన్ని మిల్లీమీటర్ల కదలిక అంతే. నేను పక్కన కూర్చుని "ఇంతేనా మేడమ్?" అని అడిగాను కూడా.

ఆస్ట్రేలియాకు చెందిన జెఫ్రీ మైట్‌లాండ్ అనే ఫిజియోథెరపిస్టు ఈ కదలికలను గ్రేడ్లుగా విడగొట్టాడు. 1964లో పుస్తకం రాశాడు. ప్రపంచమంతా ఫిజియోథెరపీ విద్యార్థులు ఇప్పటికీ ఆ గ్రేడ్లు చదువుతారు. మన భాషలో చెప్తా. కీలు మొత్తం కదలికను ఆళ్ళగడ్డ నుంచి నంద్యాలకు పోయే హైవే అనుకోండి.

గ్రేడ్ 1: ఆళ్ళగడ్డ బస్టాండులోనే ముందుకీ వెనక్కీ చిన్న చిన్నగా కదలడం.

గ్రేడ్ 2: శిరివెళ్ళ దాకా పోయి రావడం. పెద్ద కదలికే, కానీ ఎక్కడా అడ్డం తగలదు.

గ్రేడ్ 3: నంద్యాల పొలిమేర దాకా పోయి, అక్కడ అడ్డాన్ని తాకి వెనక్కి రావడం.

గ్రేడ్ 4: ఆ పొలిమేర దగ్గరే నిలబడి చిన్న చిన్నగా తోస్తూ ఉండడం.

ఇవన్నీ లయగా, సెకనుకు రెండు మూడు సార్లు చేస్తారు. గ్రేడ్ 1, 2 నొప్పి తగ్గించడానికి. గ్రేడ్ 3, 4 బిగుతు తగ్గించడానికి. ఇవి కాక ఐదోది ఉంది, అది చివర్లో ఒక్కసారి వేగంగా తోయడం. వీడియోల్లో టక్ మని వినిపించేది అదే. దాన్ని మానిప్యులేషన్ అంటారు. మిగతా నాలుగింటిలో వద్దు అంటే రోగి ఆపించవచ్చు. ఐదోదాంట్లో వద్దు అనేలోపే అయిపోతుంది.

పట్టేసిన భుజానికి అడ్డం నంద్యాల దగ్గర ఉండదు, శిరివెళ్ళకు ముందే బారికేడ్ పడి ఉంటుంది. మొదటి దశలో ఆ బారికేడ్ మీదికి లారీ తోలితే ఏమవుతుందో అమ్మకు అయ్యింది. మేడమ్ మొదటి మూడు వారాలు గ్రేడ్ 1, 2 మాత్రమే చేసింది. నొప్పి సద్దుమణిగాకే 3కు పోయింది.

ఆర్థో డాక్టర్ కూడా చూసి కీలులోకి ఒక స్టిరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చారు. మొదట్లో నొప్పి తగ్గడానికి అది పనికొస్తుంది. కానీ షుగర్ ఉన్నవాళ్ళకు కొన్ని రోజులు షుగర్ పెరుగుతుంది, ఇంట్లో చెక్ చేసుకుంటూ ఉండాలని ముందే చెప్పారు. ముందే చెప్పడం అనేది నాకు అప్పుడు ఎంత పెద్ద విషయంగా అనిపించిందో.

చెయ్యి వేస్తే నొప్పి ఎందుకు తగ్గుతుంది?

మంచం కోడు మోకాలికి తగిలితే మొదట ఏం చేస్తాం? రుద్దుకుంటాం. ఎవరూ నేర్పలేదు. 1965లో మెల్జాక్, వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు దీనికి ఒక వివరణ ఇచ్చారు. వెన్నుపాములో ఒక గేటు ఉందనుకోండి. స్పర్శ, కదలిక సంకేతాలు ఎక్కువగా వస్తే ఆ గేటు దగ్గర నొప్పి సంకేతాలకు దారి తగ్గుతుంది. మర్దన, గ్రేడ్ 1 కదలికలు కొంతవరకు ఇట్లనే పనిచేస్తాయి. దానికి తోడు భయం తగ్గి కండరాలు బిగువు వదులుతాయి.

అంటే చేతి వైద్యం వల్ల వచ్చే ఉపశమనంలో చాలా భాగం తాత్కాలికమే. కొన్ని గంటలు, కొన్ని రోజులు. అది మోసం కాదు, అది ఒక కిటికీ. ఆ కిటికీ తెరిచి ఉన్నప్పుడు వ్యాయామం చేస్తే లాభం నిలుస్తుంది. చేయకపోతే కిటికీ మూసుకుంటుంది. మేడమ్ మాట: "నేను వారానికి రెండు గంటలు చేస్తా అమ్మా, మిగతా గంటలన్నీ మీవే."

మరి ఆ టక్ సౌండ్ ఏంది?

కీలు లోపల జిగురు లాంటి ద్రవం ఉంటుంది. రెండు ఎముకలు చప్పున దూరం జరిగితే లోపల పీడనం పడిపోయి, ద్రవంలో కరిగిన గ్యాస్ ఒక ఖాళీ గూడులా ఏర్పడుతుంది. 2015లో కెనడా పరిశోధకులు వేలి కీళ్ళను ఎంఆర్ఐలో పెట్టి లాగుతూ ఇది కళ్ళారా చూశారు. ఎముక సర్దుకుంది, నరం దిగింది అనే మాటలకు ఆ సౌండుతో సంబంధం లేదు. మన ఊర్లలో "నరం మీద నరం ఎక్కింది" అంటాం కదా, నరాలు అట్ల ఎక్కవు, దిగవు. చాలాసార్లు అక్కడ జరిగేది కండరం బిగుసుకోవడం.

వేళ్ళు విరుచుకుంటే కీళ్ళవాతం వస్తుందా? డోనాల్డ్ ఉంగర్ అనే అమెరికా డాక్టర్ 60 ఏళ్ళకు పైగా ఒక చేతి వేళ్ళు మాత్రమే విరుచుకుని, రెండు చేతులూ పోల్చి చూసి తేడా లేదన్నాడు. 2009లో ఆయనకు ఇగ్ నోబెల్ ఇచ్చారు. వేళ్ళ సంగతి అది.

కానీ మెడ వేరు. మెడ ఎముకల్లోంచి మెదడుకు రక్తం తీసుకుపోయే ధమనులు పోతాయి. మెడను జర్కుతో తిప్పితే అరుదుగా ఆ ధమని గోడ చిట్లి పక్షవాతం వచ్చే ప్రమాదం ఉంది. కటింగ్ అయ్యాక సెలూన్లో టక్ మనిపించుకునే అలవాటు మనలో చాలామందికి ఉంది. నాకూ ఉండేది. మానేశాను. మీరూ మానండి బ్రో, ప్లీజ్.

ఆళ్ళగడ్డ చేతులు

మా ఊరు శిల్పాలకు పేరు. ఆళ్ళగడ్డ రాతి శిల్పాలకు జీఐ గుర్తింపు కూడా ఉంది. షెడ్లలో పొద్దుటి నుంచి సుత్తి, ఉలి. మా వీధిలో ఒక శిల్పి మామ ఉన్నాడు. అమ్మ సంగతి విని తన మోచేయి కూడా చూపించుకుంటానని మాతో వచ్చాడు. ఆయనది కీలు బిగుతు కాదు. ఒకే దెబ్బ వేల సార్లు కొట్టి మోచేతి బయటివైపు కండర తాడు పాడైంది. మేడమ్ అక్కడ మొబిలైజేషన్ కొంచెమే చేసి, ఎక్కువగా బలం పెంచే వ్యాయామాలు ఇచ్చింది. పిడి మందం మార్చమంది, గంటకోసారి చెయ్యి ఆపమంది.

మామ అన్నాడు: "అప్పా, రాయిని చూస్తే యాడ కొట్టాలో నాకు తెలుస్తాది. ఒళ్ళు చూస్తే ఈమెకు తెలుస్తాది." ఇంతకంటే బాగా నేను చెప్పలేను. మొదటి చోట మేం పోయినాయన ప్రతి రాయికీ ఒకటే దెబ్బ కొట్టే రకం.

ఇక్కడ పుత్తూరు కట్టు సంగతి కూడా అడుగుతారు. ఎముక విరిగినప్పుడు కట్టే సంప్రదాయం అది. విరగని భుజానికి కట్టు కట్టి కదలకుండా పెడితే బిగుతు ఇంకా పెరుగుతుంది. జబ్బు ఏదో తెలియకుండా వైద్యం ఎంచుకోకూడదు అంటున్నా, అంతే.

ఆపరేషన్ చేయిస్తే త్వరగా పోతుందా?

నేనూ ఇదే అడిగాను. బ్రిటన్‌లో 503 మంది ఫ్రోజెన్ షోల్డర్ రోగులను మూడు గుంపులుగా చేసి చూశారు. ఒక గుంపుకు మత్తు ఇచ్చి భుజాన్ని కదిలించడం, ఒక గుంపుకు కీహోల్ సర్జరీతో సంచిని విడిపించడం, ఒక గుంపుకు స్టిరాయిడ్ ఇంజెక్షన్‌తో పాటు పద్ధతి ప్రకారం ఫిజియోథెరపీ. 2020లో లాన్సెట్ పత్రికలో ఫలితాలు వచ్చాయి. ఏడాది తర్వాత చూస్తే ఏ ఒక్కటీ మిగతావాటి కంటే చెప్పుకోదగ్గంత మెరుగు కాదు. ఫిజియో గుంపులో కొందరికి తర్వాత వేరే చికిత్స అవసరమైంది, అదీ నిజం. కానీ మొదట ఫిజియోతో మొదలుపెట్టడం తప్పు కాదని ధైర్యం వచ్చింది.

మంచి థెరపిస్టును ఎట్ల గుర్తుపట్టాలి?

ఒకటి, చదువు అడగండి. బీపీటీ లేదా ఎంపీటీ ఉండాలి. అడిగితే తప్పేం లేదు. 2021లో వచ్చిన కేంద్ర చట్టం ఫిజియోథెరపీని గుర్తింపు ఉన్న ఆరోగ్య వృత్తిగా పేర్కొంది.

రెండు, చెయ్యి వేసే ముందు ప్రశ్నలు అడుగుతున్నారా, పరీక్ష చేస్తున్నారా చూడండి.

మూడు, ఏం చేయబోతున్నారో చెప్పి, సరే అన్నాకే చేయాలి. ఆపమంటే ఆపాలి.

నాలుగు, కొలత ఉండాలి. "కొంచెం బాగుందా?" అని అడగడం కొలత కాదు.

ఐదు, ఇంటికి వ్యాయామాలు ఇవ్వాలి. జీవితాంతం వాళ్ళ దగ్గరికే రావాలనేవాళ్ళను నమ్మకండి.

ఆరు, ఒక్క సిట్టింగ్‌లో గ్యారంటీ అంటే చెప్పులు వేసుకుని వచ్చేయండి.

ఇక కొన్ని సందర్భాల్లో ముందు డాక్టర్ దగ్గరికే పోవాలి. కింద పడ్డాక మొదలైన నొప్పి, జ్వరంతో వచ్చే నొప్పి, కారణం లేకుండా బరువు తగ్గడం, గతంలో క్యాన్సర్ ఉండటం, చేతుల్లో కాళ్ళలో బలం తగ్గడం, నడుం నొప్పితో పాటు మూత్రం మీద అదుపు పోవడం. ఎడమ భుజం నొప్పితో ఛాతీ బరువుగా ఉండి చెమటలు పడితే అది భుజం కాకపోవచ్చు, గుండె కావచ్చు. వెంటనే 108కి ఫోన్ చేయండి.

అమ్మ ఇప్పుడు ఎట్లుంది?

వారానికి రెండుసార్లు ఆళ్ళగడ్డ నుంచి నంద్యాలకు బస్సు. పోను సుమారు 40 కిలోమీటర్లు, రాను 40. రెండు నెలల తర్వాత వారానికి ఒకసారి. ఇంట్లో రోజూ మూడు పూటలా వ్యాయామం: వంగి చెయ్యి గడియారం లోలకంలా ఊపడం, గోడ మీద వేళ్ళు పాకించడం, కట్టెతో చెయ్యి బయటికి తోయడం. గోడ మీద పెన్సిల్ గీతలు పెట్టింది అమ్మ. ప్రతి ఆదివారం కొత్త గీత. కొన్ని వారాలు పాత గీత దగ్గరే ఆగింది. ఆ వారాల్లో నాతో సరిగ్గా మాట్లాడేది కాదు.

ఆరో నెలలో ఒకరోజు వీడియో కాల్ చేసింది. ఫోన్ స్టాండుకు పెట్టి, రెండు చేతులూ వెనక్కి పెట్టి జడ వేసుకుంటూ మాట్లాడింది. దాని గురించి తనేమీ అనలేదు, నేనూ అనలేదు. ఇప్పటికీ వీపు వెనకకు చెయ్యి పూర్తిగా పోదు. తలుపు తీసినట్టు తిప్పే కదలిక 10 నుంచి 45కు వచ్చింది. ఇంకా టైం పడుతుంది అంటోంది మేడమ్.

అమ్మను ఒకసారి అడిగాను, నన్ను ఎందుకు తిట్టలేదమ్మా అని. "నువ్వు తీసుకుపోకపోతే ఇంట్లోనే కూర్చుండేదాన్ని కదా నాయనా" అనింది. నాకు అది ఊరట కాదు. కానీ ఈ వీడియో చేయడానికి అదే కారణం.

ఈ వారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఒక్క పని చేయండి. "బాగున్నావా?" అని అడగకండి, బాగున్నా అనే చెప్తారు. "రెండు చేతులూ పైకి ఎత్తి చూపించమ్మా" అని అడగండి. వీడియో కాల్‌లోనే తెలిసిపోతుంది. ఒక చెయ్యి ఆగిపోతే ఈ పేజీ లింక్ గుర్తుపెట్టుకోండి.

మళ్ళీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి.